రొయ్యల గుంట గట్టు మీద నుంచి ఎల్బ్రస్ దాకా: మన నెల్లూరోళ్ళకి స్టెప్ బై స్టెప్ గైడ్

ఇందుకూరుపేట పక్క రొయ్యల గుంటలు చేసుకునేవాణ్ణి నేను. మా గట్టు సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్లు కూడా ఉండదు. అట్టాంటోడు రష్యాలో ఉండే ఎల్బ్రస్ అనే 5642 మీటర్ల మంచుకొండ మీద గైడ్ రాయడం ఏందబ్బా అనుకుంటారేమో, రెండుసార్లు పొయ్యొచ్చా, మొదటిసారి శిఖరం మొహం కూడా చూడకుండా వాంతులు చేసుకుంటా దిగొచ్చా, రెండోసారి ఎక్కా. ఆ రెండిటికీ మధ్య తేడా ఏందో చెప్పడానికే ఇదంతా.

నన్ను అడిగే కుర్రోళ్ళు అందరూ ఒకటే మాట, "అన్నా ఎల్బ్రస్ ఈజీ అంట కదా, రోప్‌వే ఉందంట, మంచు బండి ఎక్కించుకోని సగం పైదాకా దించుతారంట" అని. నిజమే, ఉన్నాయి. కానీ అసలు చిక్కు ఆడే ఉంది. రోప్‌వే మనల్ని గంటలోపల 2350 నుంచి 3850 మీటర్లకి తీసకపోతుంది, మన రక్తానికి మాత్రం గంట చాలదు, వారం కావాల. గుంటలు చేసేవాళ్ళకి చెప్పాలంటే తెల్లారుజామున మూడింటప్పుడు డీఓ (నీళ్ళలో కరిగుండే ఆక్సిజన్) పడిపోతే రొయ్య ఎట్టా గట్టు పక్కకొచ్చి తేలతదో మనకి తెల్సు కదా, ఎల్బ్రస్ పైన మన పరిస్థితి అదే, అక్కడ గాలి ఒత్తిడి సముద్రం దగ్గర ఉన్నదాంట్లో సుమారు సగమే. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ వేసేవాడు అక్కడ ఎవడూ ఉండడు.

ముందు కొండ సంగతి

రష్యాలో కాకసస్ పర్వతాల్లో, కబర్దినో-బల్కారియా అనే రిపబ్లిక్‌లో ఉంది. నిద్రపోతున్న అగ్నిపర్వతం. రెండు శిఖరాలు, పడమరది 5642 మీటర్లు, తూర్పుది 5621, మధ్యలో జీను మాదిరి ఒక లోతు, దాన్ని శాడిల్ అంటారు. ఒంటి నిండా హిమానీనదాలే, ఇరవైకి పైన, బక్సాన్, మల్కా, కుబాన్ నదులకి నీళ్ళు ఈటి నుంచే. యూరప్‌లో ఎత్తైన కొండ ఇదే అని ఏడు ఖండాల లిస్టులో వేస్తారు, కాకసస్ యూరప్ కిందకి రాదనేవాళ్ళు ఆ పేరు ఆల్ప్స్‌లో ఉండే మౌంట్ బ్లాంక్‌కి ఇస్తారు, ఆ గొడవ మనకెందుకు.

తూర్పు శిఖరం మొదట 1829లో ఎక్కారు, రష్యన్ జనరల్ ఇమ్మాన్యుయేల్ తెచ్చిన బృందంలోంచి కిల్లార్ అనే స్థానిక గైడ్. పడమటిది 1874లో ఇంగ్లీషోళ్ళు, స్విస్ గైడ్ పీటర్ క్నూబెల్‌తో. రెండో ప్రపంచయుద్ధంలో 1942 ఆగస్టులో జర్మన్ పర్వత దళం ఎక్కి జెండా పాతింది, తర్వాత సోవియట్ వాళ్ళు పొయ్యి పీకేసారు.

మనకి ఇంకో లెక్క ఉంది. మన సంగం మండలం గాంధీజనసంఘం బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006 జూన్ 13న ఈ కొండ ఎక్కాడు. ఆ ఏడు జనవరి 19 నుంచి జులై 10 లోపల, 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ పూర్తి చేసాడు, ఏడూ వారంలో ఏడు వేరే వేరే రోజుల్లో పడేట్టు, ఎల్బ్రస్ వంతుకి మంగళవారం వచ్చింది. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా పొయ్యి వాతావరణానికి చిక్కి తిరిగి రాలేదు. నేను రెండుసార్లూ బయల్దేరే ముందు గాంధీజనసంఘం పొయ్యి సమాధికి దణ్ణం పెట్టుకోనే పొయ్యా. ఏడు శిఖరాలు ఎక్కినోణ్ణి కూడా కొండ వదల్లేదు కదా, అది గుర్తు పెట్టుకుంటే "ఈజీ" అనే మాట నోట్లోంచి రాదు.

స్టెప్ 1: దారి ఏదో తేల్చుకోండి

రెండే అనుకోండి, మిగతావి మనకొద్దు.

దక్షిణం దారి: నూటికి తొంభై మంది ఇదే. అజావు అనే ఊరి నుంచి గొండోలా (రోప్‌వే పెట్టె) మూడు అంచెలుగా, క్రుగోజోర్, మీర్, ఆఖరికి గరబషి స్టేషన్ 3847 మీటర్లు. ఆడే పీపాల ఆకారంలో ఉండే బస, బోచ్కీ అంటారు, ఇప్పుడు కంటైనర్ రూములూ చానా వచ్చాయి. దానికి కొంచెం పైన 4050 దగ్గర ప్రియుట్ 11 అని పాత మూడంతస్తుల ఆశ్రయం ఉండేది, 1998లో కాలిపోయింది, ఇప్పుడు ఆ చుట్టుపక్కల గుడిసెలున్నాయి. ఇంకా పైకి పోతే పాస్తుఖోవ్ రాళ్ళు, 4600 నుంచి 4700 దాకా నల్లగా ఒక వరస. అక్కడి నుంచి నిట్టనిలువు వాలు, తర్వాత తూర్పు శిఖరం కింద నుంచి ఏటవాలుగా ఎడమకి పొయ్యే అడ్డదారి, ట్రావర్స్ అంటారు, అది శాడిల్‌లోకి దింపుతుంది, శాడిల్ నుంచి పడమటి శిఖరానికి మళ్ళీ నిటారు ఎక్కుడు, ఆ ఎక్కుడు మీద సీజన్లో తాడు కట్టి ఉంచుతారు.

ఉత్తరం దారి: రోప్‌వే లేదు, మంచు బండి మీద ఆశ పెట్టుకోవద్దు, గుడిసెలు తక్కువ. కిస్లోవోద్స్క్ వైపు నుంచి జీపులో జిలీసూ దగ్గర 2500 మీటర్ల మైదానానికి పొయ్యి, సామాను మోసుకుంటా రెండు మూడు సార్లు పైకీ కిందకీ తిరిగి 3700 పైన క్యాంపు వేసి, లెంజ్ రాళ్ళ పక్కగా ఎక్కాల. క్యాంపు దాటాక హిమానీనదంలో మంచు కప్పేసిన పగుళ్ళుంటాయి, తాడుకి ఒకర్నొకరు కట్టుకోకుండా పోకూడదు. శిఖరం రోజు ఒక్కరోజులోనే 1900 మీటర్లు. కిల్లార్ ఎక్కింది ఈ వైపు నుంచే. నా మాటగా చెప్తే, అందంగా ఉండేది ఉత్తరం, మొదటిసారి పొయ్యేవాళ్ళకి దక్షిణం. కాస్త అనుభవం ఉన్నోళ్ళు ఉత్తరంలో ఎక్కి దక్షిణంలో దిగుతారు.

స్టెప్ 2: ఇక్కడే తయారీ

కనీసం ఐదారు నెలలు. జిమ్ములో ఫోటోలు కాదు, వీపు మీద బరువుతో ఎక్కడం, అదొక్కటే. నేను చేసింది చెప్తా. వారంలో మూడు రోజులు మైపాడు బీచ్‌లో మెత్తటి ఇసకలో బ్యాగులో రెండు ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్లు పెట్టుకోని గంటన్నర నడక, ఇసకలో కాలు దిగబడేది అచ్చం మధ్యాన్నం కరిగిన మంచులో దిగబడినట్టే ఉంటది, చేపలోళ్ళు నవ్వుకున్నా పర్లేదు. ఆదివారం ఆదివారం ఉదయగిరి దుర్గం, లేదంటే పెంచలకోన. ప్రకాశం వైపు వాళ్ళకి భైరవకోన చుట్టుపక్కల కొండలున్నాయి. ఆఖరి రెండు నెలల్లో అలిపిరి నుంచి తిరుమలకి మెట్లు, అది కూడా ఎక్కి బస్సులో దిగి మళ్ళీ ఎక్కడం, రోజుకి రెండు సార్లు. గరబషి నుంచి శిఖరం దాకా ఎత్తు 1800 మీటర్లు, అంటే ఒకే రాత్రి సుమారు రెండున్నర అలిపిరులు, సగం గాలితో. ఆ లెక్క కాళ్ళకి తెలియాల. ఎండాకాలంలో తెల్లారుజామున నాలుగింటికే మొదలుపెట్టండి, రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి వడదెబ్బ తగిలితే కొండెక్కే పనే ఉండదు.

ఒళ్ళు ఒక్కటే చాలదు. మంచు మీద నడక పుస్తకం చదివితే రాదు. ఉత్తరకాశి నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, డార్జిలింగ్ హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్, మనాలి వాజ్‌పేయి ఇన్‌స్టిట్యూట్, ఈ మూడిట్లో ఎక్కడైనా బేసిక్ కోర్సు చేస్తే సుమారు నెల రోజుల్లో క్రాంపాన్ (బూటు కింద తగిలించే ఇనప పళ్ళు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), తాడు అన్నీ చేతికొస్తాయి. నెల సెలవు దొరకనోళ్ళు మనాలి పక్క ఫ్రెండ్‌షిప్ పీక్, 5289 మీటర్లు, అదన్నా ఎక్కి చూసుకోండి, మీ ఒళ్ళు ఎత్తులో ఎట్టా ఉంటదో ముందే తెలుస్తది. నేను మొదటిసారి ఇది చెయ్యలా. జిమ్ము బాగా చేసా కదా అనుకున్నా.

స్టెప్ 3: కాయితాలు, డబ్బులు

మనోళ్ళకి రష్యా ఈ-వీసా ఉంది, ఆన్‌లైన్లోనే. ఎన్ని రోజులుండొచ్చు, ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి లోపలికి పోవచ్చు అనేది అప్లై చేసేరోజు వాళ్ళ అధికారిక సైట్లో చూసుకోండి, మారతా ఉంటది. మనకి చెన్నై నుంచి గల్ఫ్ మీదుగానో, ఢిల్లీ నుంచి నేరుగానో మాస్కో, అక్కడి నుంచి మినరాల్నియే వోది అనే ఊరికి ఇంకో ఫ్లైట్, తర్వాత కార్లో మూడు నాలుగు గంటలు బక్సాన్ లోయ వెంట. యుద్ధం మూలాన దక్షిణ రష్యా ఎయిర్‌పోర్టులు ఒక్కోసారి ఉన్నట్టుండి గంటల తరబడి ఆపేస్తారు, కనెక్షన్ ఫ్లైట్లు దగ్గర దగ్గరగా పెట్టుకోవద్దు.

ముఖ్యమైంది డబ్బులు. 2022 మార్చి నుంచి బయట దేశాల బ్యాంకులిచ్చిన వీసా కార్డులు, మాస్టర్ కార్డులు రష్యాలో పనిచెయ్యవు. ఏటీఎంలో గీకుదాంలే అనుకోని పోతే అంతే సంగతి. ఖర్చు మొత్తం లెక్కేసుకోని డాలర్లో యూరోలో నోట్లు, కొత్తవి, మడత లేనివి తీసకపొయ్యి మాస్కోలోనే రూబుళ్ళు మార్చుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు దాకా కవర్ చేస్తారు, రష్యాకి వర్తిస్తదా లేదా, రెండూ కాయితం మీద రాయించుకోండి, చానా పాలసీలు ట్రెక్కింగ్ అంటాయి గానీ క్రాంపాన్ మాట వినగానే మొహం తిప్పుకుంటాయి. నేషనల్ పార్క్ ఫీజు, రెస్క్యూ వాళ్ళ దగ్గర పేర్లు రాయించడం, ఇవి మీ గైడ్ చూసుకోవాల, చూసుకున్నాడో లేదో మీరు అడగాల.

స్టెప్ 4: సామాను

అన్నీ కొనొద్దు. డబుల్ బూట్లు, క్రాంపాన్లు, ఐస్ యాక్స్, హార్నెస్ (తాడు తగిలించుకునే నడుం పట్టీ), లావుపాటి డౌన్ జాకెట్ (లోపల ఈకలు కూరిన కోటు) అజావులో, దాని కింద ఉండే తెర్స్కోల్ ఊళ్ళో షాపుల్లో అద్దెకి దొరుకుతాయి. బూట్లు మాత్రం రెండు జతల సాక్సులేసుకోని చూడండి, వేళ్ళు లోపల కదలాల, బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్ళు నల్లబడేది అక్కడే. క్రాంపాన్ ఆ బూటుకి పెట్టి అరగంట నడిచి చూసి అప్పుడు డబ్బులివ్వండి.

ఇంటి నుంచి తీసకపోవాల్సినవి: ఒంటికి అంటుకునే ఉన్ని లోపలి బట్టలు రెండు జతలు (కాటన్ బనీన్ వద్దు, చెమటకి తడిసి గడ్డకడతది), కేటగిరీ 4 కళ్ళద్దాలు (అన్నిటికంటే నల్లటివి), గాలికి గాగుల్స్, పలచటి గ్లౌజులు, వాటి మీదకి లావుపాటి మిటెన్లు (వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే గ్లౌజులు), హెడ్‌ల్యాంప్, స్పేర్ బ్యాటరీలు. మిటెన్లకి తాడు కట్టి మణికట్టుకి వేసుకోండి, చిన్నపిల్లల స్కూల్ వాటర్ బాటిల్ మాదిరి. ట్రావర్స్ మీద ఒకాయన జిప్ లాక్కుందామని ఒక్క సెకను మిటెన్ తీసి చంకలో పెట్టుకున్నాడు, గాలి లాగేసింది, అది వాలు మీద దొర్లుకుంటా పొయ్యేది మేం చూస్తానే ఉన్నాం. నా స్పేర్ జత ఇచ్చా కాబట్టి సరిపొయింది.

నీళ్ళకి పైపు బ్యాగులు వద్దు, పైపు గడ్డకట్టేస్తది. వెడల్పు మూతి సీసా, దానికి ఉన్ని సాక్సు తొడిగి, తలకిందులుగా బ్యాగులో పెట్టండి, నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత పక్క కరిగే ఉంటది. తిండికి పల్లీ చిక్కీ తీసకపొయ్యా, రాయయిపొయింది, పన్ను పోవాల్సింది. రెండోసారి ఇంట్లో నువ్వుల చిమ్మిలి చేయించుకోని చిన్న చిన్న ఉండలుగా లోపలి జేబులో పెట్టుకున్నా, ఒంటి వేడికి మెత్తగానే ఉండింది, నోట్లో వేసుకుంటే కరిగేది. ఆవకాయ గుడిసె దాకా మాత్రమే, అక్కడ ఆ సూపులకి అదే ప్రాణం.

స్టెప్ 5: రోజులు ఎట్టా పంచుకోవాల

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వేస్టు. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి మూడు నాలుగు వందల మీటర్లకి మించి పెరగకూడదు అనేది డాక్టర్ల మాట. దక్షిణంలో గుడిసెలే 3850లో ఉన్నాయి కాబట్టి ఆ లెక్క పూర్తిగా కుదరదు, అందుకే ముందు కింద ఎక్కువ తిరగాల.

మొదటి రెండు రాత్రులు తెర్స్కోల్‌లోనో అజావులోనో, 2100, 2350 మీటర్ల దగ్గర. పగలు ఎదురుగా ఉండే చెగెట్ కొండ మీద 3000 దాటి నడవండి, ఇంకో రోజు జలపాతం మీదుగా తెర్స్కోల్ అబ్జర్వేటరీ దాకా, అదీ 3100. చెగెట్ పైనుంచి చూస్తే ఎల్బ్రస్ మొత్తం, మీ దారి మొత్తం, వేలితో చూపించుకోవచ్చు. మూడో రోజు గరబషి, సాయంత్రం 4050 దాకా మెల్లగా నడిచి వెనక్కి. నాలుగో రోజు పాస్తుఖోవ్ రాళ్ళ దాకా ఎక్కి దిగి పడుకోవాల. ఐదో రోజు గైడ్‌తో పక్క వాలు మీద జారి పడితే ఐస్ యాక్స్‌తో ఆపుకోవడం, తాడుకి క్లిప్ మార్చుకోవడం, సాయంత్రం పడక. ఆరో రాత్రి శిఖరం. ఏడు, ఎనిమిది వాతావరణానికి వదిలెయ్యండి. ఆ రెండు ఖాళీ రోజులు లేని ప్యాకేజీ ఎంత చవకైనా తీసుకోవద్దు.

నేను మొదటిసారి రెండో రోజే గరబషిలో పడుకున్నా, సెలవు తక్కువ ఉందని. రాత్రి పదింటికి తలనొప్పి, పన్నెండుకి వాంతులు, రెండుకి బూటు లేసు కట్టుకోవడం రాలా, రోజూ కట్టుకునే ముడే. గైడ్ అది చూసి ఇంకేం మాట్లాడలా, తెల్లారగానే దించేసాడు. తలనొప్పి, ఆకలి లేకపోవడం మామూలు, అక్కడే ఆగాల. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా మెదడులో నీరు, కూర్చున్నా ఆయాసం, దగ్గులో గరగర ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు, ఈ రెండిటికీ మందు కిందకి దించడమే, తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర చానామంది వేసుకుంటారు, పూటకి 125 మిల్లీగ్రాములు రెండు పూటలా, కానీ సల్ఫా మందులు పడనోళ్ళకి ప్రమాదం, మీ డాక్టర్ని అడిగి, ఇక్కడే ఒకసారి వేసుకోని చూసుకోండి.

స్టెప్ 6: ఆ రాత్రి

వాతావరణం ఫోరుకాస్టు మనం తుఫాను చూసుకున్నట్టు పూట పూటకీ చూడాల. శిఖరం మీద గాలి వేగం చూడండి, ఎండ బొమ్మ కాదు. జులై ఆగస్టులో కూడా తెల్లారుజామున మైనస్ 15, 20 మామూలు. ఆగస్టు ఆఖరికొచ్చేసరికి పాస్తుఖోవ్ పైన మంచు పొయ్యి గట్టి ఐసు బయటపడతది, గాజు మాదిరి, అప్పుడు క్రాంపాన్ పళ్ళు పదునుగా లేకపోతే నిలబడలేరు.

రాత్రి పన్నెండు, రెండు మధ్య బయల్దేరతారు. మంచు బండి కావాలంటే పాస్తుఖోవ్ దాకానో 5000 దాకానో దించుతుంది, గ్రూపుగా పంచుకుంటారు. ఎక్కడం తప్పేం కాదు, అది వాడినోణ్ణి చిన్నచూపు చూసేవాళ్ళ మాట వినొద్దు. కాకపోతే ఒళ్ళు ముందే సర్దుకోని ఉండాల, బండిలోంచి చలిలోకి దిగంగానే పది నిముషాలు అడుగులో అడుగేసుకుంటా నడవాల.

అడుగు ఎట్టా వెయ్యాలంటే, ముందు కాలు పెట్టి, వెనక కాలు మోకాలు నిటారుగా బిగబట్టి బరువంతా ఎముక మీద నిలబెట్టి, ఒక్క ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు రెండో అడుగు. కండకి ఆ ఒక్క సెకను రెస్టు దొరుకుతుంది. క్రాంపాన్ పళ్ళన్నీ మంచుకి తగిలేట్టు పాదం చదునుగా పెట్టాల, కాళ్ళు కొంచెం ఎడంగా, లేకపోతే ఒక కాలి పళ్ళు రెండో కాలి ప్యాంటుకి తగులుకోని బోర్లా పడతారు. ఐస్ యాక్స్ ఎప్పుడూ కొండ వైపు చేతిలో. మాట్లాడతా నడవగలిగితే స్పీడు సరిపొయినట్టు, "గోవిందా" అనే ఊపిరి కూడా లేకపోతే తగ్గించండి.

ట్రావర్స్ చూడ్డానికి సులువుగా ఉంటది, మోసం ఆడే. సన్నటి బాట, ఎడమ పక్క వాలు కిందకి పొయ్యి పగుళ్ళ వైపు తేలతది, జారినోడు చానా దూరం పోతాడు. శాడిల్‌లో కూర్చోని నీళ్ళు, చిమ్మిలి, పది నిముషాలు, అంతకంటే కూర్చోవద్దు, లేవబుద్ధి కాదు. ఆ పైన తాడు ఉన్నచోట క్లిప్ తగిలించి, ముడి వచ్చినప్పుడల్లా రెండో క్లిప్ అవతల వేసాకే మొదటిది తియ్యండి. తాడు అయిపొయ్యాక పైన చదును, ఇంకో అరగంట నడక, ఆఖర్న చిన్న దిబ్బ, అదే శిఖరం. నేను పొయ్యేసరికి ఎనిమిదిన్నర, ఎండ బాగా వచ్చింది. ఫోన్ తీసా, ఆఫ్ అయిపొయింది. లోపలి జేబులో పెట్టుకోమని అందరికీ చెప్పేది నేనే.

స్టెప్ 7: దిగడం

ముందే ఒక టైం అనుకోండి, మధ్యాన్నం పన్నెండు లోపల యాడున్నా వెనక్కి. మబ్బు మధ్యాన్నమే కమ్ముతుంది, పావుగంటలో ముందున్న మనిషి కనపడడు. అంత వెడల్పు తెల్లటి వాలు మీద దారికి రెండు పక్కలా పగుళ్ళే, ఎటు నడుస్తున్నామో తెలియక చచ్చిపొయినోళ్ళు ఉన్నారు. 2021 సెప్టెంబర్ 23న 19 మంది గ్రూపు 5000 మీటర్ల పైన మంచు తుఫానులో చిక్కుకుంటే ఐదుగురు పొయ్యారు, అదీ ఈ మామూలు దారిలోనే, గైడ్లతోనే. కాబట్టి దారి గుర్తుకి పాతిన జెండా కర్రలు ఒకటి కనపడ్డాకే ఇంకోదానికి కదలండి, ఎక్కేటప్పుడే ఫోన్లోనో జీపీఎస్‌లోనో ట్రాక్ రికార్డు చేసుకోండి, గ్రూపు విడిపోవద్దు, ఒకడికి బాగలేకపోతే వాడితో ఇంకోడు కాదు, అందరూ దిగాల.

మోకాళ్ళు వణుకుతా ఉంటాయి, తాడు దగ్గర క్లిప్ వెయ్యబుద్ధి కాదు, వెయ్యండి. మంచు మెత్తబడ్డాక క్రాంపాన్ల కింద ముద్ద కట్టుకుంటది, ఐస్ యాక్స్‌తో బూటు పక్క కొడితే రాలిపోతుంది, ప్రతి పది అడుగులకీ కొట్టుకోవడమే. గొండోలా ఆఖరి ట్రిప్పు మధ్యాన్నమే అయిపోతుంది, టైము ముందే కనుక్కోండి, తప్పిపోతే ఇంకో రాత్రి పీపాలోనే. కిందకొచ్చాక బంగాళదుంప, చీజు పెట్టి కాల్చే ఖిచిన్ అనే రొట్టె తినండి, నేను నాలుగు తిన్నా. అద్దె సామాను ఇచ్చేటప్పుడు క్రాంపాన్ కవర్లు, మిటెన్లు కూడా అద్దెకి తీసుకోనుంటే వాటి లోపలి ఉన్ని లైనింగు లెక్క చూసుకోని ఇవ్వండి, నా లైనింగు ఒకటి తగ్గిందని డిపాజిట్‌లో కోసుకున్నారు, అది ఇంటికొచ్చాక నా సొంత జాకెట్ చేతిలో దొరికింది.